వార్డుకంతా మంచి పిల్ల

నర్సరీ బడి హెడ్ టీచరమ్మ వెతూరియాను కూర్చోమని కూడా అనలేదు. మంగళవారం పదకొండు గంటలకు కబురంపి పిలిపించింది. జున్ను వడకట్టే గుడ్డ అలాగే తొట్టిలో వదిలేసి, ఏప్రన్ మీదే కోటు తగిలించుకుని పరిగెత్తుకొచ్చిన మనిషిని తలుపు దగ్గరే నిలబెట్టి మొదలుపెట్టింది.

"గ్యాసు సిలిండర్లు వేసే అతని చెయ్యి పట్టుకుని గేటు దాకా వెళ్ళిందమ్మా మీ మిరబెల. లోపలికి పొమ్మని అతను చెయ్యి విడిపించుకున్నాడు. అతను సిలిండర్లు సర్దుకుంటుంటే ఇది బండెక్కి కూర్చుంది. రెండు వీధులు పోయాక చూసుకున్నాడట, పక్క సీటు కింద కూర్చుని అతని రొట్టె తింటోంది. మంచివాడు కాబట్టి వెనక్కి తెచ్చాడు."

"గేటు ఎవరు తీసిపెట్టారు?"

"నేను చెప్పేది గేటు సంగతి కాదు."

"నేను అడిగేది గేటు సంగతే. నాలుగేళ్ళ పిల్ల బండెక్కి పోతుంటే మీ ఆయాలు ఏం పీకుతున్నారు?"

టీచరమ్మ మొహం ఎర్రబడింది. బల్ల మీది కాగితాన్ని సరిచేసి, గొంతు తగ్గించింది. "సరే, గేటు మా తప్పే. నిన్నటిది చెప్తా వినండి. యువానా అనే పిల్ల జారుడుబల్ల మీంచి పడి పెదవి చిట్లింది. ఒకటే నెత్తురు, గుక్కపట్టి ఏడుపు. పిల్లలందరూ చుట్టూ మూగారు. ఒకడు వాడి రుమాలిచ్చాడు, ఒకతి దాన్ని చూసి తనూ ఏడుపు లంకించుకుంది. పసివాళ్ళకైనా పక్కవాళ్ళు ఏడుస్తుంటే లోపల ఏదో అవుతుంది కదమ్మా? మీది వచ్చింది, చూసింది, యువానా చేతిలో బన్ను తీసుకుంది, పక్కకెళ్ళి తినేసింది. లాక్కోవడం కూడా కాదు. చెట్టుకున్న కాయ కోసుకున్నట్టు కోసుకుంది."

వెతూరియా ఆకలేసి ఉంటుందనబోయి మానుకుంది. పొద్దున రెండు గుడ్లు, ఇంత మొక్కజొన్న సంకటి, మీద మీగడ పెట్టి తనే తినిపించి పంపింది.

"నేను పిల్లల సంరక్షణ కమిషన్‌కు రాసేశాను. శుక్రవారం పది గంటలకు రమ్మన్నారు మిమ్మల్ని," అంది టీచరమ్మ.

మిరబెల వంటగదిలో ఉంది. వంటమనిషి ఒళ్ళో కూర్చుని జడ వేయించుకుంటోంది. వెతూరియా గుమ్మంలోకి రాగానే తలెత్తి నవ్వింది. చక్కటి నవ్వు, చూసినవాళ్ళెవరైనా కరిగిపోయే నవ్వు. పొయ్యి బాగుచేయడానికి వచ్చిన మనిషి వెతూరియా వెనకనుంచి లోపలికొస్తే అతన్ని చూసి కూడా అంతే నవ్వు నవ్వింది. అందులో వీసమెత్తు తేడా లేదు.

దారంతా వెతూరియా టీచరమ్మను తిట్టుకుంటూనే నడిచింది. వంతెన దగ్గర మంచు కరిగి బురదగా ఉంది. పిల్ల జారి మోకాళ్ళ మీద పడింది. మేజోడు చిరిగి చర్మం లేచిపోయింది. పిల్ల అటూ ఇటూ చూడలేదు, నోరు తెరవలేదు. లేచి, చేతులు కోటుకు తుడుచుకుని, మళ్ళీ చెయ్యి అందించింది. పద్నాలుగు నెలల కిందట సర్కారు శిశుగృహం నుంచి ఈ పిల్ల పెంపకానికి ఇంటికొచ్చిన కొత్తలో వెతూరియా ఇదే చూసి ఇరుగుపొరుగుతో గొప్పగా చెప్పుకుంది, ఎంత గట్టి పిల్లో చూడండని. ఇప్పుడు ఆ చిరిగిన మేజోడు చూస్తుంటే ఒళ్ళు మండుకొచ్చింది. "ఏడవ్వే! నొప్పి పుట్టలేదా? ఒక్కసారి ఏడిస్తే నీ సొమ్మేం పోతుంది?" అని నడివీధిలో అరిచింది. పిల్ల నవ్వింది.

బుధవారం మధ్యాహ్నం ఓల్తెయా వచ్చింది. కమిషన్ తరఫున పిల్లల మనస్తత్వం పరీక్షించే అమ్మాయి. ముప్పై నిండలేదు, బూట్లు గుమ్మంలోనే విప్పి, ఊలు మేజోళ్ళతో లోపలికొచ్చి, ముందు పొయ్యి దగ్గర చేతులు కాచుకుంది. వెతూరియాకు ఆ అమ్మాయి నచ్చింది. అందుకే మరీ భయమేసింది.

పరీక్ష పెద్దదేం కాదు. గదిలో కొన్ని చెక్కబొమ్మలు పరిచింది. పిల్ల ఆడుకుంటుండగా వెతూరియా చెప్పకుండా బయటికి వెళ్ళిపోవాలి. మూడు నిమిషాలాగి తిరిగి రావాలి. అంతే. వెతూరియా వసారాలో నిలబడి చెవి తలుపుకు ఆనించింది. లోపల బొమ్మల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఏడవాలి, లేకపోతే తలుపు దగ్గరికైనా రావాలి అని తెలుసు ఆవిడకు; పక్కింటి మూడేళ్ళవాడు తల్లి మరుగుదొడ్డికి వెళ్తేనే ఇల్లు పీకి పందిరేస్తాడు. మూడు నిమిషాలకు తలుపు తీసి లోపలికొచ్చింది. మిరబెల ఓల్తెయా ఒళ్ళో కూర్చుని ఆమె చెవిపోగు పట్టుకుని చూస్తోంది. వెతూరియా వైపు తల తిప్పనైనా లేదు.

ఓల్తెయా కాగితం మీద ఒక గడిలో టిక్కు పెట్టింది. ఎక్కడ పెట్టిందో చూడాల్సిన పని లేదు.

"నాతో కొంచెం అటు రండి," అని వెతూరియాను వంటగదిలోకి తీసుకెళ్ళింది. "చూడండి, నేను దాచను. డాక్టర్ హట్సెగాన్‌గారు ఫైలు మీద ఇప్పటికే పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నారు. వంశపారంపర్యం అని. తల్లి జైల్లో ఉంది, ఇద్దరు పిల్లల్ని వదిలేసింది, తండ్రెవరో తెలీదు. రక్తంలోనే జాలి లేదు, బంధం లేదు, పెంపకంతో మారేది కాదు అంటారాయన. శుక్రవారం దాన్ని ఇంకుతో రాస్తే కొండవతల ప్రత్యేక కేంద్రానికి పంపేస్తారు."

"ఎన్నాళ్ళు?"

"అక్కణ్ణుంచి బడికి పంపరు. పద్దెనిమిదేళ్ళు నిండాక పెద్దవాళ్ళ వార్డుకు మారుస్తారు."

వెతూరియా బల్ల అంచు పట్టుకుంది. "రక్తం కాదమ్మా అది. రక్తం కానే కాదు."

"నేనూ అదే అంటున్నా! పుట్టిన ప్రతి బిడ్డా ఏడుస్తుంది. మనుషులు అడవుల్లో తిరిగిన నాటినుంచీ ఏడ్చిన బిడ్డ దగ్గరికే ఎవరో ఒకరు వచ్చారు, ఆ బిడ్డే బతికింది. పసిగుడ్డుకు గోళ్ళా, కోరలా, ఏమున్నాయి? ఏడుపొక్కటే. ఎంత ఏడ్చినా ఎవరూ రాకపోతే? అప్పుడు బిడ్డ ఇంకో దారి వెతుక్కుంటుంది. తలుపు తీసిన ప్రతివాడికీ నవ్వడం, దొరికింది దొరికినట్టు తినెయ్యడం. ఇది మొద్దుతనం కాదు, తెలివి. బతకడానికి నేర్చుకున్న తెలివి. నేర్చుకున్నదైతే మెల్లగా మార్చొచ్చు కూడా." ఓల్తెయా ఫైలు తెరిచి చూపించింది. "కానీ ఇక్కడేముందో చూడండి. శిశుగృహం, రెండో వార్డు, మూడున్నరేళ్ళు. పోషణ సక్రమం, బరువు సక్రమం, శుభ్రత మెచ్చదగినది. కింద హెడ్ నర్సు సంతకం. దీన్ని పట్టుకుని నేనేం వాదించను? ఆ వార్డులో పనిచేసినవాళ్ళు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, లోపలేం జరిగేదో వచ్చి చెప్తే చాలు. ఆరుగురికి ఉత్తరాలు రాశాను. ఒక్కరూ జవాబివ్వలేదు. మీరు లాండ్రీలో చేశారు కదా, ఏమీ చూడలేదా?"

"లాండ్రీ కింద అంతస్తులో ఉండేది," అంది వెతూరియా. "పైకి వెళ్ళే పని ఉండేది కాదు."

చెప్పాక అటు తిరిగి పొయ్యిలో కట్టె ఎగదోసింది.

పదకొండేళ్ళు రెండో వార్డులోనే చేసింది ఆవిడ. శిశుగృహం మూసేస్తున్నప్పుడు పిల్లల్ని ఇళ్ళల్లో పెంచడానికి ఆడవాళ్ళు కావాలన్నారు. వార్డుల్లో చేసినవాళ్ళను మాత్రం తీసుకోం అన్నారు. వంటగది, లాండ్రీ వాళ్ళయితే ఫరవాలేదన్నారు. హెడ్ నర్సు యూఫ్రోసినా లాండ్రీ అని సర్టిఫికెట్ రాసి ముద్ర కొట్టిచ్చింది. ఆ కాగితంతోనే మిరబెల ఈ ఇంటికి వచ్చింది. ఆ కాగితం చిరిగితే పిల్లల్ని పెంచే లైసెన్సు పోతుంది, పిల్ల ఇంకో ఇంటికి పోతుంది.

సాయంత్రం కొట్టంలో పాలు పిండుతున్న మొగుడి దగ్గర కూర్చుని ఇదంతా చెప్పింది. ఇలారీ గొర్రె పొదుగు వదలకుండానే విన్నాడు.

"రక్తమట రక్తం," అన్నాడు చివరికి. "మన నల్లకుక్క ఈనితే రెండు కూనలు ఇచ్చాం గుర్తుందా? ఒకటి దోబ్రే గాడికి, ఒకటి సార్జెంటుకి. దోబ్రే నెలన్నర తిరక్కుండానే గొర్రెపిల్లల మధ్య పడేశాడు. సార్జెంటు పెరట్లో గొలుసేసి పెంచి, ఏడాది పోయాక మందలోకి వదిలాడు. మొదటిది తోడేలు మీదికి దూకింది. రెండోది గొర్రెపిల్లల్నే తినేసింది. ఒకే తల్లి, ఒకే పాలు. ఇందులో రక్తం ఏం చేసింది? ఏ నెలలో ఎక్కడుంది అన్నదే లెక్క. ఆ డాక్టరుకి చెప్పు పో."

"నాకు ఆయన గురించి కాదు. నేను చెప్పాలా వద్దా?"

"చెప్తే పిల్లను తీసుకుపోయే బండొస్తుంది. చెప్పకపోయినా బండొస్తుంది. ఏ బండి రావాలన్నదే నువ్వు తేల్చుకోవాల్సింది." పాలచెంబు అందుకుని లేచాడు. తలుపు దగ్గర ఆగి, "నన్నడక్కే. నేను చెప్పలేను. నాకు ఆ పిల్ల ఇక్కడే ఉండాలి," అన్నాడు. ఆ గొంతు విని వెతూరియా తల ఎత్తలేదు.

మూడో దారి ఒకటి తోచింది ఆవిడకు. గురువారం తెల్లవారగానే పిల్లను ఇలారీకి అప్పజెప్పి, బస్సెక్కి పట్నంలో యూఫ్రోసినా ఇంటికి వెళ్ళింది. హెడ్ నర్సుగా రిటైరై ఏడాదయింది, లైసెన్సు లేదు, పెంచుతున్న పిల్ల లేదు. ఆవిడకు పోయేదేముంది?

నాలుగో అంతస్తు. యూఫ్రోసినా క్యాబేజీ కోసి ఉప్పు రాస్తోంది. మోచేతుల దాకా తడి. కత్తి పట్టిన తీరు, గిన్నెలు వరసగా బోర్లించిన తీరు, అంతా వార్డులోలాగే ఉంది. ఒక్క చుక్క నీళ్ళు నేల మీద లేవు.

"ఏంటే, పొద్దున్నే? కూర్చో. ఇంద, ఇవి కొయ్యి," అని రెండో కత్తి చేతికిచ్చింది.

వెతూరియా కోస్తూనే చెప్పింది. కమిషన్, పెన్సిల్ రాత, కొండవతల కేంద్రం. "మీరొక్క ఉత్తరం రాయండక్కా. ఇరవై నలుగురికి ఇద్దరం ఉండేవాళ్ళమని, ఎత్తుకునే తీరిక లేదని. నా పేరు అక్కర్లేదు. మీరు రాస్తే వింటారు."

యూఫ్రోసినా కత్తి ఆగలేదు. "ఏమని రాయాలి? ఆ పిల్లల్ని పాడుచేశామని రాయాలా? నా వార్డులో ఒక్కదానికి పేలు పట్టాయా? ఒరుసుకుపోయిన పిర్ర ఒక్కటి చూపించు. పాలసీసా టైముకి, పౌడరు టైముకి, టీకా టైముకి. ఆ చలికాలం బాయిలర్ పోతే మన ఇంట్లోంచి దుప్పట్లు తెచ్చి కప్పాం, మర్చిపోయావా? మన పిల్లలు ఇంట్లో జ్వరంతో పడి ఉంటే అక్కడ ఎవరో కన్న పిల్లల ముడ్లు కడిగాం."

"కడిగాం. ఎత్తుకోలేదు."

"ఒకదాన్ని ఎత్తుకుంటే ఇరవై మూడు ఏడుపు లంకించుకునేవి! ఏమనుకుంటున్నావే? పుస్తకంలోనే రాసుంది, ఎత్తుకోవడం అలవాటు చెయ్యొద్దని. నేను పుట్టించానా ఆ రూలు?" క్యాబేజీని నిలువునా చీల్చింది. "అయినా మాట్లాడితే నువ్వు మాట్లాడకూడదు. గృహం మొత్తం మీద నీ షిఫ్టంత నెమ్మదిగా ఏ షిఫ్టూ ఉండేది కాదు. గుమ్మంలో నిలబడితే సూది పడ్డా వినిపించేది. ఇన్‌స్పెక్టరు అడగలా, ఈ వెతూరియా ఏం మంత్రం వేస్తుందీ అని?"

వెతూరియా చెయ్యి ఆగింది. "నేనేం మంత్రం వేయలేదు."

"వేశావో లేదో. నేనడగలేదు, ఇప్పుడూ అడగను. నువ్వూ నన్ను అడక్కు. నేను నోరు తెరిస్తే ముందు చిరిగేది నీ సర్టిఫికెట్టే. అందులో నా సంతకం ఉంది, నా పింఛనూ ఉంది." కాస్త మెత్తబడి, "ఆ పిల్లేగా, కిటికీ పక్క మంచం? సొట్టబుగ్గల పిల్ల? వార్డుకంతా మంచి పిల్ల. దానికేమవుతుందిలే, ఎక్కడికిపోయినా బతుకుతుంది," అంది.

వెతూరియా కత్తి బల్ల మీద పెట్టి లేచింది. వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు. మెట్లు దిగుతూ మూడో అంతస్తులో ఆగి గోడను అరచేత్తో ఒకటి చరిచింది. చెయ్యి మంటెత్తింది గానీ కోపం తగ్గలేదు. ఎవరి మీద కోపమో మాత్రం తేల్చుకోలేదు.

శుక్రవారం కమిషన్ గదిలో బల్ల వెనక నలుగురు. మధ్యలో డాక్టర్ హట్సెగాన్. పెద్ద మనిషి, మర్యాదస్థుడు, అలసిపోయిన మనిషి కూడా. ఆ పూట వెతూరియా కేసు తొమ్మిదోది. ఒక చివర ఓల్తెయా, ఇంకో చివర గుమాస్తా అమ్మాయి రిజిస్టరు ముందేసుకుని చకచకా రాసుకుపోతోంది. పిల్లను బయట వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టమన్నారు.

ఓల్తెయా చెప్పాల్సింది చెప్పింది. డాక్టరు ఓపిగ్గా తల ఊపాడు. "ఊహ బాగుందమ్మా. కాగితం ఏదీ? కాగితం మీద వార్డు సక్రమంగా ఉంది. మంచి వార్డు, మంచి పోషణ, ఏడాది పైగా మంచి ఇల్లు. అయినా పిల్ల ఇలా ఉందంటే మిగిలిందేమిటి? పుట్టుక." వెతూరియా వైపు తిరిగాడు. "మీ తప్పేం లేదు. మీరు చేయగలిగింది చేశారు."

తన తప్పేం లేదన్న ఆ మాట వెతూరియాకు ముల్లులా దిగింది. లేచి నిలబడి కుక్కకూనల కథ చెప్పింది. దోబ్రే కూన, సార్జెంటు కూన. ఇలారీ చెప్పినంత నెమ్మదిగా రాలేదు. ముందుది వెనక, వెనకది ముందు అయిపోయింది. బల్ల వెనక ఒకాయన నవ్వు ఆపుకున్నాడు.

"మనం కుక్కల గురించి మాట్లాడుకోవట్లేదు కదమ్మా," అన్నాడు డాక్టరు.

"మీరు రక్తం అన్నారు కాబట్టి చెప్పాను. మాకు రక్తమంటే తెలిసింది అంతే."

"సరే. ఇంకేమైనా?"

"అక్కడ... పై వార్డుల్లో ఏడ్చిన పిల్లల్ని ఎత్తుకునేవాళ్ళు కాదని విన్నాను. లాండ్రీలో అనుకునేవాళ్ళు."

"విన్నారు. చూశారా?"

చూడకేం? పదకొండేళ్ళు ఆ మంచాల మధ్యే నడిచింది.

"విన్నాను," అంది మళ్ళీ.

డాక్టరు నిట్టూర్చాడు. "ఆ రోజుల్లో ఎవరు ఎత్తుకున్నారమ్మా? మా అమ్మ నన్నూ ఎత్తుకోలేదు, పొలం పనికి పోయేది. నేను డాక్టర్నయ్యాను." గడియారం చూసుకున్నాడు. "భోజనాల తర్వాత రాసేద్దాం. మీరు బయట కూర్చోండి."

వరండాలో మిరబెల ఎవరో ముసలాయన మోకాలి మీద కూర్చుని ఆయన టోపీ పెట్టుకుని ఉంది. వెతూరియా బెంచీ చివర కూలబడింది. ఏడవాలని అనుకోలేదు. నాలుగు రోజులుగా ఎక్కడ తలుపు తట్టినా ఎవరూ వినలేదన్న కసి, తనకే నోరు పెగల్లేదన్న సిగ్గు, రెండూ కలిసి ఒక్కసారి పొంగుకొచ్చాయి. మొహానికి అడ్డం పెట్టుకుందామంటే కోటు కింద ఏప్రన్ కూడా లేదు. గుక్క తిప్పుకోలేక పైకే ఏడ్చేసింది. ముసలాయన ఇబ్బందిగా అటు తిరిగాడు. గదిలోంచి కాఫీ కోసం బయటికొచ్చిన ఓల్తెయా తలుపు దగ్గరే ఆగిపోయింది.

మిరబెల టోపీ తీసి ముసలాయన తల మీద పెట్టింది. మోకాలి మీంచి జారి, దగ్గరికొచ్చింది. మొహంలో నవ్వు లేదు. ఆ మొహం వెతూరియా ఎప్పుడూ చూడలేదు. పిల్ల అరచెయ్యి ఎత్తి ఆవిడ నోటి మీద గట్టిగా అదిమి, అటూ ఇటూ చూసి, గుసగుసగా అంది.

"ఊరుకో పిన్నీ. ఊరుకో. ఏడిస్తే నీకు పెట్టరు. ఏడ్చినవాళ్ళకి ఆఖర్న."

వెతూరియా ఏడుపు ఆగిపోయింది.

"అన్నం వస్తది. నవ్వు," అంది పిల్ల. రెండో చెయ్యి కూడా తెచ్చి ఆవిడ పెదవుల చివర్లు పట్టుకుని పైకి లాగింది.

ఓల్తెయా వచ్చి వాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఎవరు చెప్పారమ్మా నీకు అలాగని?"

పిల్ల వెతూరియాను చూపించింది. "పిన్ని."

ఓల్తెయా మెల్లగా లేచి నిలబడింది. వెతూరియా వైపు చూసిన చూపులో రెండు రోజుల కిందటి ఆ చనువు లేదు. "మీ ఇంట్లోనా? ఏడిస్తే తిండి పెట్టరా మీరు?"

కాదనడం ఎంత తేలిక! ఎవరినడిగినా చెప్తారు, ఆ ఇంట్లో ఈ పిల్లకు తిండికి లోటు లేదని. పిల్ల ఏదో వాగుతోందంటే చాలు, ఓల్తెయా నమ్మేది కూడా.

"ఇంట్లో కాదమ్మా. రెండో వార్డులో."

"మీరు లాండ్రీ..."

"లాండ్రీ అబద్ధం. ఈ పిల్ల పుట్టిన పదకొండో రోజు నుంచి నా చేతుల్లోనే... కాదు, నా చేతుల్లో కాదు. నా వార్డులో ఉంది." వెతూరియా చేత్తో ముక్కు తుడుచుకుంది. "ఎత్తుకోవద్దన్నది రూలే. అది అందరూ చేశారు. ఇది రూలు కాదు. ఇది నేనే కనిపెట్టాను. రెండో ఆవిడ గుడ్డలు మారుస్తుంటే తినిపించేది నేనొక్కదాన్నే, ఇరవై నాలుగు నోళ్ళు, ఒక గిన్నె, ఒక చెంచా. ఏడవని మంచం దగ్గర మొదలుపెట్టేదాన్ని. ఎవరు నోరు మూసుకుంటే వాళ్ళ దగ్గరికి ముందు. నవ్వితే రెండో చెంచా. ఏడ్చినవాళ్ళకి ఆఖర్న, అప్పటికి గిన్నెలో అడుగే మిగిలేది. వారంలో వార్డు నెమ్మదించింది. అందరూ మెచ్చుకున్నారు. ఈ పిల్ల అందరికంటే ముందు నేర్చుకుంది. అందుకే దీన్ని ఎంచుకున్నాను, మంచి పిల్ల అని."

ముసలాయన టోపీ సర్దుకుని లేచి వెళ్ళిపోయాడు.

"బడిలో ఆ బన్ను ఎందుకు తీసుకుందో అర్థమైందా?" అంది వెతూరియా. "ఏడ్చేదానికి ఎలాగూ దక్కదని. దొంగతనం కాదు దాని లెక్కలో. మరి ఇప్పుడు చూశారుగా, నేను ఏడిస్తే దేనికొచ్చింది నా దగ్గరికి? రక్తంలో జాలి లేనిదే ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఓల్తెయా మెల్లగా అంది, "ఇది లోపల చెప్తే మీ లైసెన్సు ఈ పూటే పోతుంది. పిల్లను మీతో ఇంటికి పంపరు. ఆ సంగతి తెలుసు కదా?"

"కొండవతలికి పంపుతారా?"

"పంపరు. అది పంపకుండా నేను చూస్తాను. ఇంకో ఇంటికి."

"అయితే పద."

తలుపు తట్టకుండానే తోసింది. కమిషన్ వాళ్ళు శాండ్‌విచ్‌లు విప్పుకుంటున్నారు. డాక్టరు ఏదో అనబోయి, ఓల్తెయా మొహం చూసి ఆగాడు. ఈసారి పిల్లను బయట ఉంచమని ఎవరూ అనలేదు. వెతూరియా కుర్చీ లాక్కుని, మిరబెలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మొదటినుంచి చెప్పింది. కుక్కల ఊసు లేదు, విన్నానన్న మాట లేదు. ఏ మంచం ఎక్కడుండేదో, గిన్నె ఎంతదో, ఎటునుంచి ఎటు నడిచేదో చెప్పింది. డాక్టరు ఒక్కసారే అడ్డుతగిలాడు.

"ఇది మీ మీద కేసవుతుంది. తెలిసే మాట్లాడుతున్నారా?"

"తెలుసు. మీరా పెన్సిల్ రాత చెరపండి ముందు."

ఆయన శాండ్‌విచ్ పక్కకు నెట్టి, ఫైలు దగ్గరికి లాక్కున్నాడు. సొరుగు తెరిచి రబ్బరు కోసం వెతికాడు. దొరకలేదు. ఓల్తెయా తన సంచిలోంచి తీసిచ్చింది. చెరిపాక కాగితం మీది పొట్టు అరచేత్తో తుడిచి, గుమాస్తా వైపు చూశాడు. "ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయమ్మా. సంతకం చేయించుకో. అది కాగానే పిల్లను అత్యవసర సంరక్షణ విభాగం వాళ్ళకు అప్పగించాలి, ఫోన్ చేస్తాను."

గుమాస్తా అమ్మాయి కొత్త పేజీ తీసింది. పేరు, ఊరు, పుట్టిన తేదీ. వార్డు నంబరు. పొద్దుటినుంచి తొమ్మిది కేసులు గుక్క తిప్పుకోకుండా రాసిన చెయ్యి; కలం పరుగు తీస్తోంది.

మిరబెల ఒళ్ళో అటూ ఇటూ కదిలింది. గదిలో ఇంతమంది కొత్త మనుషులున్నారు, ఎవరి వైపూ చూడట్లేదు. వీపు వెతూరియా రొమ్ముకు ఆనించి, తల వెనక్కి వాల్చి అడిగింది.

"పిన్నీ, మనం ఇంటికెప్పుడు పోతాం?"

పిల్ల జడ చివరను వెతూరియా వేలికి చుట్టుకుని, విప్పింది.

"ఇదిగో, ఈ అక్క రాయడం అవ్వాలి," అంది.

గుమాస్తా అమ్మాయి తల ఎత్తలేదు. రాసిన వాక్యం కింద వేలు పెట్టి, మళ్ళీ మొదటినుంచి చదువుకుంది. కలం మూత పెట్టి, తీసి, తర్వాతి మాట ఒక్కొక్క అక్షరమే రాయడం మొదలుపెట్టింది.